పాలు ఎవరు పితికేవాళ్ళు?

"పాలు ఎవరు పితికేవాళ్ళో అడుగు" అంది అమ్మ.

మేం అప్పుడు ఒక పాత ఇంటి వంటగదిలో ఉన్నాం. జార్జియా రాష్ట్రంలో మిల్లెడ్జ్‌విల్ అనే చిన్న ఊరికి నాలుగు మైళ్ళ అవతల, 441 నంబరు హైవే పక్కన ఉంటుంది ఆ ఇల్లు. పేరు ఆండలూసియా. ఒకప్పుడు 544 ఎకరాల డైరీ ఫారం. తెల్ల రంగు వేసిన రెండంతస్తుల చెక్క ఇల్లు, ముందు జాలీ కొట్టిన పొడవాటి వరండా, అందులో వరసగా ఊగే కుర్చీలు. అమెరికన్ రచయిత్రి ఫ్లానరీ ఓకానర్ 1951 నుంచి 1964లో చనిపోయేదాకా ఇక్కడే ఉంది. తన పుస్తకాలన్నీ పూర్తి చేసింది ఇక్కడే. ఆమె కథలు పదిహేనేళ్ళుగా చదువుతున్నాను. మేం ఉండేది అట్లాంటాకి ఉత్తరాన, కారులో రెండున్నర గంటల దూరం. అయినా ఇన్నేళ్ళూ వెళ్ళడం కుదరలేదు. పోయిన సెప్టెంబరులో, అమ్మ ఇక్కడ ఉండగా, ఆమెను కూడా తీసుకుని వెళ్ళాను.

వంటగదిలోకి వచ్చే ముందు ఫ్లానరీ గది చూశాం. ముందువైపు, కింది అంతస్తులో ఉంది. మెట్లెక్కే ఓపిక లేదు కాబట్టి హాలు లాంటి గదిని పడకగదిగా మార్చారు. సన్నటి మంచం, పుస్తకాలు, బీరువాకి ఆనించిన అల్యూమినియం ఊతకర్రలు. ఎదురుగా కిటికీల నిండా వెలుతురు, బయట పచ్చిక, చెట్లు. ఆమె మాత్రం రాసుకునే బల్లని కిటికీ వైపు పెట్టుకోలేదు. బీరువా వీపుకి ఎదురుగా పెట్టుకుంది. తల ఎత్తితే కనిపించేది చెక్క, అంతే. ఆ చెక్క దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. అమ్మ ఒకసారి తొంగి చూసి, "పాపం, చిన్న పిల్లే" అని ముందుకెళ్ళిపోయింది. ఆమె చూడాలనుకున్నది వంటగది.

అమ్మకి ఇంగ్లీషు రాదు. ఆమె అడిగింది నేను గైడ్‌కి చెప్పాను. ఆ అమ్మాయి ముఖం వెలిగింది. ఈ ప్రశ్న ఎవరూ అడగరట. పెరటి తలుపు తీసి, చెట్ల కింద ఉన్న చిన్న చెక్క ఇంటిని చూపించింది. "హిల్ హౌస్" అంది. ఆ ఇంటి సంగతి తర్వాత చెబుతాను. ఈ వ్యాసమంతా నిజానికి ఆ ప్రశ్న గురించే.

ముందు ఫ్లానరీ జీవితం క్లుప్తంగా. 1925 మార్చి 25న జార్జియాలోనే సవానా అనే ఊళ్ళో పుట్టింది. తండ్రి లూపస్ అనే జబ్బుతో 1941లో చనిపోయాడు, అప్పటికి ఆమెకి పదిహేనేళ్ళు. మిల్లెడ్జ్‌విల్‌లో డిగ్రీ చదివి, అయోవా వెళ్ళి కథలు రాయడం నేర్చుకుంది. న్యూయార్క్, కనెటికట్ తిరిగింది. ఇక సౌత్‌కి, అంటే అమెరికా దక్షిణాదికి, తిరిగి రానవసరం లేదు, అక్కడే రచయితగా బతికేయొచ్చు అనుకుంటున్న రోజుల్లో, 1950 డిసెంబరులో క్రిస్మస్‌కి ఇంటికి వస్తూ రైల్లోనే జబ్బు పడింది. తండ్రిని తీసుకుపోయిన జబ్బే. తల్లి రెజీనా ఆ పేరు కూతురికి చెప్పకుండా దాచింది. కీళ్ళవాతం అని నమ్మించింది. 1952లో ఒక స్నేహితురాలి నోట అసలు పేరు విన్నది ఫ్లానరీ. అప్పట్లో ఏసీటీహెచ్ అనే మందు కొత్తగా వచ్చింది, పందుల పిట్యూటరీ గ్రంథి నుంచి తీసేవారు. ఆ ఇంజెక్షన్లు తనే పొడుచుకునేది. మందు ప్రాణం నిలిపింది, కానీ తుంటి ఎముక దెబ్బతింది. 1955 నుంచి ఊతకర్రలు. 1964 ఆగస్టు 3న పోయింది. 39 ఏళ్ళు.

పదమూడేళ్ళలో రెండు నవలలు, రెండు కథా సంపుటాల కథలు, ప్రసంగాలు, వందల ఉత్తరాలు. అన్ని కథలూ కలిపి వేసిన పుస్తకానికి, ఆమె పోయిన ఎనిమిదేళ్ళకి, 1972లో నేషనల్ బుక్ అవార్డు ఇచ్చారు. ఇదంతా రోజుకి రెండు మూడు గంటల పనితో జరిగింది. అంతకు మించి ఒంట్లో శక్తి ఉండేది కాదు. రాయడానికి సరిపడా శక్తి ఉంది, నేను చేయాల్సిన పని కూడా అదొక్కటే కదా అని ఒక ఉత్తరంలో స్నేహితులకి రాసింది. చాలా ఏళ్ళు ఆ మాటలో ఆమె ధైర్యం ఒక్కటే కనపడేది నాకు. ఇప్పుడు ఇంకొకటి కూడా కనపడుతోంది. "నేను చేయాల్సిన పని అదొక్కటే" అని ఎవరు అనగలరు? మిగతా పనులన్నీ వేరే ఎవరో చేస్తున్నప్పుడే అనగలరు.

ఆమె రోజు ఎలా గడిచేదో చూడండి. పొద్దున్నే తల్లితో కలిసి ఊళ్ళో చర్చికి. వచ్చాక తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఆ బీరువా ఎదురుగా. ఆ మూడు గంటల్లో ఎవరూ పలకరించకూడదు, అది ఇంట్లో రూలు. మధ్యాహ్నం తరచుగా తల్లి కారులో శాన్‌ఫర్డ్ హౌస్ అనే హోటల్‌కి. వేయించిన రొయ్యలు, పెప్పర్‌మింట్ పై ఆమెకి ఇష్టం. తర్వాత వరండాలో కుర్చీ, వచ్చినవాళ్ళతో కబుర్లు, ఉత్తరాలు, బొమ్మలు వేయడం, కోళ్ళకీ బాతులకీ నెమళ్ళకీ మేత. రాత్రి తొమ్మిదికి నిద్ర. మర్నాడు మళ్ళీ ఇదే. ఇంటికీ కోళ్ళ దొడ్డికీ మధ్య గడిచిన జీవితం మీద ఎవరూ పుస్తకం రాయరులే అనుకునేది. చాలామంది రాశారు.

మన సాహిత్య సభల్లో ఒక మాట తరచు వింటాను. నిజమైన రచయిత ఎలాగైనా రాస్తాడు, పొయ్యి దగ్గర కూర్చునైనా రాస్తాడు, బస్సులో నిలబడైనా రాస్తాడు అని. ఆ మాట నేను నమ్మను. అది చాలామందికి అన్యాయం చేసే మాట. రాయలేకపోయినవాళ్ళకి లోపలే ఏదో తక్కువైందని తేల్చేస్తుంది. రాసినవాళ్ళ వెనక ఉన్న మనుషుల్ని కనపడకుండా చేస్తుంది. ఫ్లానరీ ప్రతిభ సామాన్యమైనది కాదు. ఆ ప్రతిభకి మూడు గంటల నిశ్శబ్దం కావాల్సి వచ్చింది. ఆ నిశ్శబ్దాన్ని ఎవరో రోజూ తయారుచేశారు, అన్నం వండినట్టే, పాలు కాచినట్టే.

తయారుచేసినవాళ్ళలో మొదటి మనిషి రెజీనా. భర్త పోయాడు. అన్నగారు 1947లో చనిపోతూ ఈ పొలాన్ని ఆమెకీ ఇంకో అన్నకీ రాశాడు. పొలంలో ఉండి డైరీ నడిపింది ఆమె. ఆవుల ధర, కంచెలు, పాల లెక్కలు, జీతాలు, కలప అమ్మకాలు అన్నీ చూసుకుంది. కూతురి మందులకి డబ్బు ఈ పాలలోంచి రావాలి. ఫ్లానరీ కథల్లో పొలం నడిపే విధవరాళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తారు. మాట కటువు, లెక్క గట్టిది, తామే లోకాన్ని మోస్తున్నామనే నమ్మకం. కథ చివర వాళ్ళకి పెద్ద దెబ్బ తగులుతుంది. విమర్శకులు వాళ్ళ అహంకారం గురించి చాలా రాశారు. అసలు మనిషి రెజీనా మాత్రం ఆ కథలు రాస్తున్న గది పక్కనే తిరుగుతూ, తొమ్మిది నుంచి పన్నెండు దాకా తలుపు దగ్గర అలికిడి కానివ్వలేదు. జనానికి నచ్చేవి రాయొచ్చు కదా అని ఒకసారి కూతుర్ని అడిగిందట. ఆ కథలు ఆమెకి నచ్చలేదేమో. నిశ్శబ్దం మాత్రం ఇచ్చింది. 1995లో, 99 ఏళ్ళ వయసులో పోయింది, కూతురి తర్వాత 31 ఏళ్ళకి.

వంటగదిలో ఒక ఫ్రిజ్ ఉంది. హాట్‌పాయింట్ కంపెనీది. ఫ్లానరీ కథ ఒకటి టీవీ నాటకంగా తీయడానికి హక్కులు అమ్ముడయ్యాయి, 1957లో ప్రసారమైంది. హాలీవుడ్ నటుడు జీన్ కెల్లీ అందులో నటించాడు. ముగింపు మార్చేసి సుఖాంతం చేశారు. ఆ డబ్బుతో ఫ్లానరీ తల్లికి ఈ ఫ్రిజ్ కొనిపెట్టింది. ఈ సంగతి నేను తెలుగులో చెప్పగానే అమ్మ ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది. ముట్టుకోకూడదేమో అని నా వైపు చూసి, చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, పిడి, కింద అంచు, మూల పెచ్చూడిన చోటు అన్నీ చూసింది. "కథ అమ్మి అమ్మకి ఫ్రిజ్ కొందా" అంది. ఇంకేం అనలేదు. ఆ ఇంట్లో నన్ను బాగా కదిలించినది ఆ ఫ్రిజ్. రాసిన మనిషి తన రాతకి ఎవరి చెయ్యి అరిగిందో గుర్తుపెట్టుకుని, ఆ చేతికి పని తగ్గించే వస్తువు తెచ్చిపెట్టింది.

అమ్మ పాల గురించి ఎందుకు అడిగిందో చెప్పాలి. మాది పల్నాడులో వినుకొండ దగ్గర ఊరు. మాకు ఎకరంన్నర మెట్ట, నాలుగు గేదెలు. పొలం మమ్మల్ని ఎప్పుడూ నిలబెట్టలేదు, వాన పడితే పంట, లేకపోతే లేదు. గేదెలు నిలబెట్టాయి. అమ్మ నాలుగున్నరకి లేచేది. పేడ తీసి, కుడితి పెట్టి, పొదుగు కడిగి, పితికేది. ముందు ధారలు ఖాళీ బిందెలో పడితే గట్టిగా మోగుతాయి. పాలు పెరిగేకొద్దీ ఆ మోత మెత్తబడి, నురగలో కలిసిపోతుంది. నా చదువుల రోజుల్లో తెల్లవారుజామంటే నాకు ఆ చప్పుడే. నేను లైటు కింద పుస్తకం పట్టుకుని కూర్చుంటే, గోడకి అవతల ఆ ధార. ఆరింటికల్లా క్యాను పాలకేంద్రానికి వెళ్ళాలి. అక్కడ శాంపిల్ తీసి వెన్న శాతం చూసి చీటీ మీద రాసేవాళ్ళు. పదిహేను రోజులకోసారి బిల్లు. నా హాస్టల్ ఫీజు, పుస్తకాలు, గుంటూరు బస్సు చార్జీలు అన్నీ ఆ చీటీల్లోంచే వచ్చాయి. నన్ను ఏనాడూ పొదుగు కింద కూర్చోనివ్వలేదు. "నీ పని చదువుకోవడం" అనేది.

"నేను చేయాల్సిన పని అదొక్కటే" అని ఫ్లానరీ రాసిన మాట, "నీ పని చదువుకోవడం" అని అమ్మ అన్న మాట. ఈ రెండూ ఒకటేనని నాకు ఆ వంటగదిలో నిలబడే దాకా తట్టలేదు.

అది అక్కడితో ఆగలేదు. ఆండలూసియా నుంచి వచ్చిన వారం, నా కథల ఫైళ్ళు తీసి తేదీలు చూశాను. ఇప్పటిదాకా అచ్చయినవి 11 కథలు. వాటిలో 9 అమ్మ అమెరికాలో ఉన్న నెలల్లో రాసినవే. విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు ఉంటుంది, వెళ్తుంది, ఏడాదో రెండేళ్ళో ఆగి మళ్ళీ వస్తుంది. ఆ ఆరు నెలలూ పిల్లల డబ్బాలు, సాయంత్రం టిఫిన్లు, మడతలు పెట్టాల్సిన బట్టలు నా తలలోంచి వెళ్ళిపోతాయి. రాత్రి తొమ్మిదికి తలుపు వేసుకుంటాను. అమ్మ పిల్లల్ని పడుకోబెట్టి, బయట టీవీ సౌండు తగ్గించి కూర్చుంటుంది. ఆ నెలల్లో నాకు ఐడియాలు బాగా వస్తాయని, మనసు ప్రశాంతంగా ఉంటుందని ఒక ఇంటర్వ్యూలో చెప్పాను కూడా. ఐడియాలు అన్ని నెలల్లోనూ ఒకలాగే వస్తాయి. వాటిని పట్టుకుని కూర్చునే గంట దొరికేది అప్పుడే. ఇది ఒప్పుకోవడానికి నాకు ఇంత కాలం పట్టింది.

దీనికి రెండో వైపు కూడా ఆ సౌత్‌లోనే దొరుకుతుంది. మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్‌లో యుడోరా వెల్టీ అనే రచయిత్రి ఉండేది. పైన్‌హర్స్ట్ వీధిలో తండ్రి 1925లో కట్టించిన ఇంట్లోనే, 2001లో పోయేదాకా. తల్లి పెంచిన తోట, మేడ మీద గది, కిటికీ పక్కన బల్ల. టైపు చేసిన కాగితాలు ముక్కలుగా కత్తిరించి, గుండుసూదులతో గుచ్చి వరస మార్చుకునేది. ఫ్లానరీని తల్లి చూసుకుంటే, ఇక్కడ కూతురే తల్లిని చూసుకుంది. తల్లికి చూపు తగ్గింది, ఆరోగ్యం పాడైంది. తమ్ముడొకడు 1959లో పోయాడు. 1966 జనవరిలో తల్లి, కొద్ది రోజుల తేడాతో ఇంకో తమ్ముడు. వెల్టీ పెద్దల కోసం రాసిన కథా పుస్తకాల్లో 1955 తర్వాత వచ్చినది 1970లో. మధ్య పదిహేనేళ్ళు. ఆ ఏళ్ళలో ఆమె ప్రతిభ ఎక్కడికీ పోలేదు. 1963లో పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ని అదే ఊళ్ళో కాల్చి చంపిన రాత్రి, హంతకుడి గొంతుతో ఒక కథ కూర్చున్న పాటున రాసింది. అది రాయగల మనిషికి నవల పూర్తిచేసే వీలు దొరకలేదు. "నిజమైన రచయిత ఎలాగైనా రాస్తాడు" అనేవాళ్ళు ఈ పదిహేనేళ్ళకి ఏం సమాధానం చెబుతారు?

ఇప్పుడు హిల్ హౌస్. ఆ చిన్న చెక్క ఇంట్లో ఉన్నది జాక్ హిల్, లూయిస్ హిల్. నల్లవాళ్ళు. పొలం పని, పశువుల పని, ఇంటి పని చేసినవాళ్ళు. పాలు పితికినవాళ్ళలో ఈ ఇంటివాళ్ళున్నారు. కొంతకాలం యుద్ధం వల్ల ఇల్లూ వాకిలీ పోయి పోలండ్ నుంచి వచ్చిన ఒక శరణార్థి కుటుంబం కూడా పనిచేసింది. వాళ్ళ రాకలోంచే ఫ్లానరీ గొప్ప కథల్లో ఒకటి పుట్టింది. ఫ్లానరీ ఉత్తరాల్లో లూయిస్, జాక్ కనిపిస్తారు, ఎక్కువగా నవ్వు పుట్టించే సన్నివేశాల్లో. ఆ ఉత్తరాలు మొదటిసారి చదివినప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడు నవ్వు రాదు. ఆమె ఉత్తరాల్లో నల్లవాళ్ళ గురించి చదవలేని మాటలున్నాయి. నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్‌ని జార్జియాలో కలవడానికి ఒప్పుకోలేదు. 2020లో మేరీలాండ్‌లోని ఒక విశ్వవిద్యాలయం తన హాస్టల్ భవనానికి ఉన్న ఆమె పేరు తీసేసింది. నేను ఆమె కథలు చదవడం మానను. ఆ కథలు తెల్లవాళ్ళ అహంకారాన్ని చీల్చినట్టు ఇంకెవరూ చీల్చలేదు. కానీ ఆ గదిలోని నిశ్శబ్దం ఎవరి చెమటతో వచ్చిందో, ఆ మనుషుల్ని ఆమె తన ఉత్తరాల్లో సమానంగా చూడలేకపోయింది. ఈ రెండూ నిజమే. రెండూ కలిపే చెప్పాలి.

ఈ విషయం నాకంటే ఎంతో ముందు, ఎంతో హక్కుతో చెప్పినావిడ నల్లజాతి రచయిత్రి ఆలిస్ వాకర్. ఆమె పక్క ఊరు ఈటన్‌టన్‌లో పుట్టింది. 1952లో, ఎనిమిదేళ్ళ వయసులో, ఏడాదిపాటు వాళ్ళ కుటుంబం ఆ రోడ్డు మీదే, ఆండలూసియాకి కొద్ది నిమిషాల దూరంలో, కౌలు కూలీల ఇంట్లో ఉంది. 1974లో వాకర్ తన తల్లిని వెంటబెట్టుకుని రెండు ఇళ్ళూ చూడటానికి వచ్చింది. తమ ఇల్లు కుళ్ళి కూలిపోయి ఉంది. ఫ్లానరీ ఇల్లు నిలబడి ఉంది, చూసుకోవడానికి జీతమిచ్చి మనిషిని పెట్టారు. తనకి కోపం తెప్పించింది అదేనని వాకర్ రాసింది. ఫ్లానరీ రాతని మెచ్చుకుంటూనే రాసింది. కూతురు అలా లోపల రగిలిపోతుంటే, పక్కనే ఉన్న తల్లి నెమళ్ళని చూసి, చూసుకోకపోతే ఇవి పూలన్నీ తినేస్తాయి అందట.

ఆ మాట అక్షరాలా నిజం. ఫ్లానరీ 1952లో ఫ్లోరిడా నుంచి నెమళ్ళు తెప్పించింది, అవి పెరిగి నలభై దాకా అయ్యాయి. రెజీనా గులాబీల్ని అవి బతకనివ్వలేదు. మేం వెళ్ళినప్పుడు ఆండలూసియాలో నెమళ్ళు జాలీ కొట్టిన పెద్ద దొడ్లో ఉన్నాయి. మన దేశం నుంచి వచ్చిన పక్షి ఇంత దూరంలో పురి విప్పితే చూడాలని నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. అమ్మ దూరంగానే ఆగి, "చేలో పెసర మొలిస్తే ఉంచుతాయా ఇవి? ఆమె పెంచింది సరే, కాపలా ఎవరు కాశారు?" అంది. వాకర్ తల్లి మాట నేను అప్పటికే చదివి ఉన్నాను. నా ఒళ్ళు జలదరించింది. అందాన్ని చూడగానే దాని వెనక పని ఎవరి మీద పడిందా అని అడిగేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళ చేతుల మీద ఎప్పుడూ అలాంటి పని పడి ఉంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు చీకటి పడింది. ఈటన్‌టన్ దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. అమ్మ నిద్రపోతోందనుకున్నాను. ఉన్నట్టుండి, "ఆ చిన్నింట్లో ఆమె పేరేమన్నావు?" అంది.

"లూయిస్."

"ఆమె పేరైనా ఉంది అక్కడ" అంది.

కాసేపాగి నేను అడిగాను. "అమ్మా, మన గేదెలకి గడ్డి కోసుకొచ్చేది ఎవరు? నువ్వు పితికేదానివి, పాలు పోసేదానివి. గడ్డి మోపులు నువ్వు తేలేదు కదా."

మా ఇంట్లో ఆ మనిషిని అందరం గడ్డామె అనేవాళ్ళం. సాయంత్రం వాలేసరికి తల మీద మోపుతో దొడ్డి దారిలో వచ్చేది. మోపు కింద ముఖం కనపడేది కాదు, కాళ్ళే కనపడేవి. నేను చదువుకుంటుంటే చప్పుడు చేయకుండా మోపు దించేది, అమ్మ అలా చెప్పి ఉంచింది. నాకు ఆమె పేరు తెలియదు. పద్దెనిమిదేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాను, ఒక్కసారీ అడగలేదు.

అమ్మ తడుముకోకుండా పేరు చెప్పింది. ఇంటిపేరు కూడా చెప్పింది. మొగుడు లారీ కింద పడి పోయాడని, ఇద్దరు ఆడపిల్లలని, మోపుకి ఎంత ఇచ్చేదో, పండగకి చీర పెట్టేదాన్నని, ఒక ఏడు కరువులో ఇవ్వాల్సినవి ఇవ్వలేకపోయానని చెప్పింది. ఆ బాకీ ఎంతో కూడా గుర్తుంది అమ్మకి.

తర్వాతి ఎగ్జిట్ దగ్గర పెట్రోలు బంకులో కారు ఆపాను. లోపల లైటు వేసి, ఆండలూసియాలో ఇచ్చిన కాగితం వెనక్కి తిప్పి, "ఇంకోసారి చెప్పు" అన్నాను. అమ్మ నెమ్మదిగా చెబుతుంటే, పేరు, ఇంటిపేరు, ఇద్దరు పిల్లల పేర్లు, రాసుకున్నాను.